పెయ్యల వెనకవైపు

నా చిన్నప్పుడు, కరోనా వచ్చి విమానాలు ఆగిపోయిన ఏడాది, మూడు నెలలకని గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మమ్మ మా దగ్గరే చిక్కుకుపోయింది. జర్మనీలో హానోవర్ దగ్గరి ఒక పల్లెలో ఉండేవాళ్ళం. పక్కింట్లో ఒక ముసలావిడ ఒక్కతే ఉండేది. అక్కడి పిల్లలు నాయనమ్మని పిలిచినట్టే నేనూ ఆవిడని ఓమా అనేదాన్ని. ఆవిడకి పన్నెండు ఆవులు. పాలకి కాదు, మాంసానికి.

ఆ సంగతి తెలిశాక అమ్మమ్మ ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నాకైతే మాంసం మాట అటుంచి, పేడ కంపే పడేది కాదు. గాలి ఇటు తిరిగితే చాలు, 'ఇగిట్' అంటూ కిటికీలు మూసేదాన్ని. ఛీ అన్నదానికి నాకు ముందు వచ్చింది ఆ జర్మన్ మాటే.

ఓమా మందను పెంచాలనుకుంది. సొంత పెయ్యలు ఐదున్నాయి గానీ, అవి ఎదిగి ఈనేదాకా ఆగాలి. పశువుల బేరగాడి దగ్గర కొంటే పది ఒక్కసారే వస్తాయి. అప్పుడు సంతలు మూసేశారు కాబట్టి బేరమంతా వీడియోలోనే. మా నాన్న ఆ పెయ్యల వయసు, బరువు ఎక్సెల్‌లో వేసి, రంగులు పులిమి, కొనడమే మేలని తేల్చేశాడు. ఆయనకి పశువైనా ప్రాజెక్టే.

వీడియో కాల్ ఓమా పెరట్లో పెట్టారు. తెర మీద పెయ్యలు ఒక్కొక్కటే నిగనిగలాడుతూ ముఖం చూపించి పోతున్నాయి. కంచెకి ఇవతల, తలకి మఫ్లర్ చుట్టుకుని చూస్తున్న అమ్మమ్మ నన్ను పిలిచింది.

"అన్నీ మొకాలే చూపిస్తన్నాడేందే? ఎనక్కి తిప్పమను. తోక కింద ఎట్టుందో, పేడ ఎట్టా ఏస్తన్నాయో చూడాల."

అమ్మమ్మకి జర్మన్ రాదు, ఆవిడ మాట అటు చేరవేసేది నేనే. ఆ పెద్దమనిషిని ఆవు పిర్రలు చూపించమని అడగడమా! నాకు తల కొట్టేసినట్టయింది. ఆవులు చాలా అందంగా ఉన్నాయంటోంది మా అమ్మమ్మ, అని చెప్పేశాను. బేరగాడు పొంగిపోయాడు. సాయంత్రం ఖాయం చేస్తానని ఓమా ఫోన్ పెట్టేసింది.

కెమెరా వెనక్కి తిరగకపోయేసరికి అమ్మమ్మకి అర్థమైపోయింది. తిట్టలేదు. నా రెక్క పట్టుకుని ఓమా కొట్టంలోకి తీసుకెళ్ళింది. ఒక పెయ్య అప్పుడే వేసిన పేడ తీసి నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. నేను ముఖం పక్కకి తిప్పేసుకున్నాను.

"ముద్దగా ఉందా, లేదా? ఇది ఒంట్లో బాగున్న గొడ్డు. పారుకునే గొడ్డు ఒక్కటొచ్చి ఈటి మజ్జన పడిందంటే ఇయ్యన్నీ పోతాయే."

ఆ పన్నెండూ ఆ కొట్టంలోనే పుట్టినవి. ఒక్కోదాన్నీ ఓమా పేరు పెట్టి పిలిచేది. నేను ఏడుస్తూ, చేతిలో పేడతోనే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఓమా వెంటనే బేరగాడికి మళ్ళీ ఫోన్ చేసింది.

నెట్ సరిగ్గా లేదన్నాడు, వెలుతురు చాలదన్నాడు. ఓమా పట్టు వదల్లేదు. చివరికి కెమెరా తిరిగింది. తోకలు అట్టలు కట్టి ఉన్నాయి. పసుపు పచ్చటి నీళ్ళ పేడ కాళ్ళ వెంట కారుతోంది. ఒకటి నడుం వంచి వణుకుతూ నిలబడింది. ముందువైపు మాత్రమే కడిగాడు వెధవ. లేత గడ్డి మేసి అలా ఉన్నాయని నవ్వుతూ చెబుతున్నాడు. ఆ నవ్వు ముందు చేతిలోని పేడ అంత అసహ్యం అనిపించలేదు.

ఓమా సొంత పెయ్యలనే ఉంచుకుని ఆగుదామనుకుంది. ఎలాగూ కోసేవాటికి ఇంత గొడవెందుకని నాన్న విసుక్కున్నాడు. "కోసేదాకన్నా బతకాల గదా బాబూ" అంది అమ్మమ్మ. ఆ తర్వాత వెళ్ళి తలస్నానం చేసింది. విమానం ఎక్కేదాకా ఆ ఇంట్లో నీళ్ళు మాత్రం ముట్టలేదు.

ఆ రోజు చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో. సబ్బు వాసన వచ్చింది గానీ మనసు మాత్రం శుభ్రపడలేదు. వాడు గొడ్లని కడిగి చూపించాడు, నేను అమ్మమ్మ మాటని కడిగి చెప్పాను. ఇద్దరం చేసింది ఒకటే పని.

పెద్దయ్యాక ఆసుపత్రుల్లో మనవాళ్ళకీ డాక్టర్లకీ మధ్య మాట చెప్పే పనే నాకు జీవనమైంది. చెప్పడానికి నోరు రాని మాట ఎదురైనప్పుడల్లా నా అరచేయి వెచ్చబడుతుంది. అప్పుడు ఆ మాటే ముందు చెప్పేస్తాను.