అవ్వ పాదాలు చూసే వేళ

మా కింది పోర్షన్ అవ్వ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను షోళింగనల్లూరులో ఆఫీసు క్యాబులో ఉన్నాను. మధ్యాహ్నం కాఫీ తాగి పక్కకు ఒరిగిందట, అంతే. నాకు ఏడుపు రాలేదు. కిటికీ అద్దానికి చెయ్యి ఆనించి కూర్చున్నాను. అద్దం ఎండకు కాలుతూ ఉండాలి. నాకు తెలియలేదు.

ఆమె గురించి మీకు చెప్పాలంటే పాదాల నుంచే మొదలుపెట్టాలి. బంధువు కాదు. ఊరికి ఆ చివర వాషర్‌మెన్‌పేట్‌లో మాతో ఒకే వాకిలి, ఒకే పంపు పంచుకున్న మనిషి. పడుచుతనంలో కుష్ఠు వచ్చి, మందులతో పూర్తిగా నయమైంది. కానీ చేతుల్లో, పాదాల్లో పోయిన స్పర్శ తిరిగి రాలేదు. వేడినీ ఒత్తిడినీ కనిపెట్టి కబురు పంపే నరాలు చర్మంలో ఉంటాయి కదా, ఆమెకవి మూగబోయాయి. ఒకసారి చెప్పులో గులకరాయితోనే మార్కెట్టంతా తిరిగి వచ్చింది. ఆ పుండు మానక ఒక కాలి వేలు తీసేశారు. ఇంకో పుండు పడితే పాదమే పోతుందని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి ఆమెకు ఒకటే కోరిక.

"రెండు కాళ్లతోనే పోవాల పాపా."

అందుకని సాయంత్రం దీపం పెట్టేముందు గడప మీద కూర్చుని కాళ్లు చాపేది. చూడటం నా పని. "ఈడ సూడు. ఆడ గూడా." వేళ్ల సందులు, మడమ పగుళ్లు అన్నీ చూసి నేను "ఏం లేదవ్వా" అంటేనే దీపం వెలిగేది. ఒకచోట కుదురుగా కూర్చునే పిల్లను కాను నేను. ఎగిరిపోదువులే, ముందు నా కాళ్లు చూసి ఎగురు అని ఎగతాళి చేసేది.

నొప్పి తెలియకపోతే హాయే కదా అని అడిగాను ఒకసారి. "వాకిలి తెరిచిపెట్టిన ఇల్లు పాపా ఇది. ఎవురొచ్చి పోయినారో తెలీదు," అంది.

మోచేతి లోపలివైపు మాత్రం స్పర్శ మిగిలింది. కాఫీ గ్లాసు అక్కడ ఆనించి వేడి చూసేది. నా బుగ్గలు కూడా దాంతోనే నిమిరేది. వయసు మీదపడ్డాక అదీ మొద్దుబారింది. ముసలితనం ఎవరి చర్మాన్నీ వదలదు. ఒకరోజు గ్లాసు ఆనించి, చల్లారిపోయిందే అంది. తీసేసరికి చర్మం ఎర్రగా కమిలింది. నేను చూడలేదనుకుని కొంగు కప్పుకుంది.

నా చెయ్యి ఆమెకు తెలిసే చోటు ఇంకెక్కడైనా మిగిలిందా అని, కళ్లు మూయించి దూదిపోగుతో తాకి చూశాను. తాకిన ప్రతిసారీ "తగిలింది" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె కళ్లు తెరిచి నవ్వింది.

"తాకేటప్పుడల్లా ఊపిరి బిగబడతా ఉండావు. అది ఇనపడతా ఉంది."

ఉద్యోగం వచ్చి నేను హాస్టలుకు మారాక వీడియో కాల్‌లో పాదాలు చూపించేది. ఫోన్ నిండా ఒక ముసలి మడమ చూసి క్యాబులో పక్కవాళ్లు ముఖం తిప్పుకునేవాళ్లు. వాళ్లకు కూడా చూపించు, ఫ్రీనే కదా అనేది అవ్వ.

నేను వెళ్లేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. ఆమె చెప్పులు గడప పక్కన, రాళ్లేమన్నా ఉంటే రాలిపోవాలని ఎప్పట్లాగే బోర్లించి ఉన్నాయి. తల దగ్గర దీపం గాలికి కొండెక్కింది. అమ్మ అగ్గిపెట్టె తీసి, ఎందుకో ఆగి నావైపు చూసింది.

నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. వేళ్ల సందులు చూశాను. మడమలు ఎత్తి చూశాను.

"ఏం లేదవ్వా," అన్నాను. "రెండూ బాగున్నాయి."

అమ్మ దీపం వెలిగించింది.