రేడియోలో వీణ, రైల్లో అమ్మాయి

ఈ రోజు పొద్దున్నే రేడియో పెడితే సినిమా పాటలకు బదులు వీణ వచ్చింది. అరగంటయినా వీణే. మా అత్తమ్మ ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది. పెద్ద నాయకులు చనిపోయినప్పుడే రేడియోలో ఇలా వస్తుందని ఆమె నమ్మకం.

"ఎవరో పెద్దాయన పోయిండు బిడ్డా. ఇగ బస్సులు, రైళ్లు అన్ని బంద్ చేస్తరు. పిల్ల ఏడున్నదో చూడు జర!"

మా అమ్మాయి ఇంటికి రావడానికి అప్పటికే తాండూరులో రైలెక్కింది. ఫోన్‌లో అలాంటి వార్తేమీ లేదు. అయినా భయం పట్టుకుంది. ఆ దారిలో సిగ్నల్ సరిగా ఉండదని తెలిసీ పదకొండుసార్లు ఫోన్ చేశాను, కలవలేదు. వీణ ఆగి షెహనాయి మొదలయ్యేసరికి మళ్లీ ఫోన్ అందుకున్నాను.

అప్పుడు అనౌన్సరమ్మ తాపీగా చెప్పింది, ఈ రోజంతా శాస్త్రీయ సంగీతం, కళల కార్యక్రమాలేనని.

"గట్లయితే ముందుగాల చెప్పొద్దా?" అని అత్తమ్మ రేడియో మీద అరిచింది. చిక్కుడుకాయలు మాత్రం ముట్టలేదు.

చివరికి అమ్మాయి వికారాబాద్‌లో దిగి ఇంటికొచ్చింది. చెప్పులు విప్పుతూనే, "అమ్మా, షెహనాయి మస్తుగున్నది, జర సౌండ్ పెంచు" అంది.

పొద్దుటి నుంచి రేడియో ముందే కూర్చున్నా, ఆ సంగీతం మా చెవికెక్కింది అప్పుడే. మీ ఇంట్లో కూడా వీణ వినబడితే ముందు పిల్లలకే ఫోన్ చేస్తారా?