నాచారం రేంజిలో మా మేనత్త

మొన్న ఏఎస్ రావు నగర్‌లో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. నాకేం జబ్బు లేదు. టీవీ శబ్దం గురించి మా ఆయనకూ నాకూ రోజూ నడిచే తగువు తీర్చడానికి మూడో మనిషి కావలసి వచ్చింది, అంతే. గాజు గదిలో కూర్చోబెట్టి సన్నటి కూతలు వినిపించారు. పరీక్షయ్యాక డాక్టరమ్మ, ఈ వయసులో ఇంత చక్కగా వినబడటం అరుదని మెచ్చుకుని, చప్పుడు లేని చోట ఉద్యోగం చేశారా అని అడిగింది. బ్యాంకులో చేశాను, సెలవు రోజుల్లో తుపాకీ కాల్చాను అన్నాను. హాస్యమాడుతున్నాననుకుని ఆవిడ నవ్వింది. తగువు ఓడిపోయాడు కనుక మా ఆయన నవ్వలేదు.

నా చెవులు ఇంత భద్రంగా ఉండటానికి మా మేనత్తే కారణం. ఆవిడది భువనగిరి వైపు. ఉప్పల్‌లో స్థిరపడి, ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూ ఎన్‌సీసీ కూడా చూసుకునేది. రిటైరయ్యాక, నాచారం పారిశ్రామికవాడలో ఒక పాత గోదామును రైఫిల్ రేంజిగా మార్చిన క్లబ్బువాళ్లు ఆవిడను ఇన్‌చార్జిగా పెట్టుకున్నారు. ఇద్దరు పిల్లల తల్లినై, ఇంటికీ బ్యాంకుకూ మధ్య నలిగిపోతున్న నన్ను ఒక ఆదివారం అక్కడికి లాక్కెళ్లింది. రేంజి పక్కనే మసాలాల ఫ్యాక్టరీ ఉండేది. ధనియాలు వేయించే రోజున గురి పెట్టినవాళ్లకు ఆకలి, మిరపకాయలు దంచే రోజున తుమ్ములు. తుమ్ము వచ్చేట్టుంటే తుపాకీ కింద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి తుమ్మాలన్నది మా అత్త రూలు. తుపాకీ గొట్టం ఎప్పుడూ టార్గెట్ల వైపే చూడాలి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. కళ్లకు అద్దాలు, చెవులకు కప్పులు లేనివాళ్లు గీత దాటకూడదు. మొదటి వారం నేను మల్లెపూలు పెట్టుకుని వెళితే చెవి కప్పులు సరిగ్గా కూర్చోలేదు. అత్త నన్ను పక్కకు పిలిచి, "పూలా చెవులా, ఏది గావాల్నో తేల్చుకో బిడ్డా" అంది. పూలు తీసి సంచిలో వేసుకున్నాను. క్లబ్బులో ఒక పెద్దాయన ఉండేవాడు. మా కాలంలో చెవుల్లో దూది కూడా పెట్టుకునేవాళ్లం కాదని గొప్పగా చెప్పేవాడు. ఆ ముక్క ఆయన ఎంత గట్టిగా చెప్పేవాడంటే, బయట ఆటోలవాళ్లు కూడా తిరిగి చూసేవాళ్లు. అత్త మా వైపు చూసి తన చెవి కప్పును వేలితో తట్టేది.

మూడేళ్లు తిరిగేసరికి నాకు గురి కుదిరింది. రాష్ట్ర పోటీలకు మా క్లబ్బు నుంచి వెళ్లేవాళ్లను ఎంచుకునే రోజు వచ్చింది. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర మెట్రో పనులు సాగుతున్న రోజులవి. దుమ్ములో ఇరుక్కుంటే సమయానికి చేరలేమని పొద్దున్నే బయలుదేరాం. ఆటోలో అత్త నా చెవి కప్పులు సంచిలో ఉన్నాయో లేదో రెండుసార్లు చూసింది. ఆ ఏడాది కాకపోతే మళ్లీ ఎప్పుడో అని మా ఇద్దరికీ తెలుసు. మా పెద్దాడు పదో తరగతికి వస్తున్నాడు, నాకు బదిలీ కూడా తప్పేట్టు లేదు.

అత్త అందరి కళ్లద్దాలూ చెవి కప్పులూ చూస్తుండగా, తూటాలు మాత్రం క్లబ్బు అధ్యక్షుడే పంచాడు. ఆయన ఇళ్లు కట్టి అమ్మే మనిషి, కోస్తా నుంచి వచ్చి బాగా నిలదొక్కుకున్నవాడు. క్లబ్బుకు రావలసిన సరుకు ఇంకా అందలేదు. పోటీ ఆగకూడదని తెలిసినవాళ్లెవరి దగ్గరో తెచ్చాడట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. పోటీకి ముందు గురి సరిచూసుకునే తూటాలు కాలుస్తున్నాం. నా పక్క వరసలో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు. అందరి తుపాకులూ ఠప్పుమంటుంటే అతనిది మాత్రం తడిసిన టపాకాయలా తుస్సుమంది. టార్గెట్ మీద చిల్లు పడలేదు. గురి తప్పిందనుకుని అతను బోల్టు లాగి ఇంకో తూటా పెట్టాడు. బోల్టంటే తూటా వెనక తలుపులా మూసుకునే ఇనుప కడ్డీ.

"ఆపు."

అత్త అరవలేదు. కాలేజీలో వెనక బెంచీకి వినబడేలా అనే మాట అది. అతని వేలు ట్రిగ్గరు దగ్గరే ఆగింది. గొట్టం ముందుకే ఉంచమని చెప్పి, ఆ తూటా బయటికి తీయించి, శుభ్రం చేసే సన్నటి రాడ్డును గొట్టంలోకి దూర్చింది. సగం దూరం పోయి ఆగింది. మొదటి గుండు బయటికి పోలేదు, గొట్టం మధ్యలో ఇరుక్కుని ఉంది. దాని వెనక రెండోది కాల్చి ఉంటే గొట్టం పగిలి ముఖం మీదికి వచ్చేది. కుర్రాడు రాడ్డు వంక చూసి నేల మీద కూలబడ్డాడు. అత్త తూటాల పెట్టె తెప్పించింది. పేరూ ఊరూ లేని అట్టపెట్టె. కొన్నిటికి పచ్చటి చిలుము పట్టింది, కొన్నిటి నెత్తి మీద గుండు వదులుగా ఊగుతోంది.

అధ్యక్షుడు చెమట తుడుచుకుని, "ఒక్కటి అలా వచ్చిందని పోటీ మానేస్తామా మేడమ్? ఆ అబ్బాయికి వేరే రైఫిల్ ఇచ్చి కానివ్వండి" అన్నాడు. అతిథులు వచ్చి కూర్చున్నారు, కొన్నాళ్లుగా ఎదురుచూసినవాళ్లం మేమూ ఉన్నాం. అత్త మొదటి వరస నుంచి ఒక్కొక్క రైఫిలు బోల్టూ లాగి చీర కొంగులో వేసుకుంటూ నడిచింది. బోల్టు లేని రైఫిలు ఉత్త గొట్టం. ఆయన ముఖం ఎర్రబడింది. రేపటి నుంచి మీరు ఇక్కడికి రానక్కర్లేదన్నాడు.

"రేపటి సంగతి రేపు సూద్దాం. ఇయ్యాల నేనే ఇన్‌చార్జిని. ఈడ ఒక్క గుండు గూడ పేలదు."

అప్పుడాయన నా వైపు తిరిగాడు. మీకున్న అవకాశం ఇదొక్కటే కదమ్మా, మీరైనా చెప్పండి మీ అత్తకు అన్నాడు. అబద్ధమెందుకు, ఆ క్షణంలో నాకూ ఆయన మాటే వినాలనిపించింది. మూడేళ్ల ఆదివారాలు కళ్ల ముందు తిరిగాయి. అత్త నా వైపు చూడనైనా లేదు, అడగనూ లేదు. నా రైఫిలు బోల్టు నేనే తీసి ఆవిడ కొంగులో వేశాను. నేల మీది నుంచి లేచి ఆ కుర్రాడూ తనది వేశాడు. మిగతావాళ్లు గొణుక్కుంటూనే వేశారు. మా కాలంలో దూది కూడా లేదనే పెద్దాయన అందరికన్నా చివర వచ్చి, తన బోల్టుతో పాటు చెవి కప్పులు కూడా ఆవిడ కొంగులో పెట్టాడు.

అత్త కొంగు ముడివేసి, తూటాల పెట్టె మీద కాలు పెట్టి కుర్చీలో కూర్చుంది. తను కబురు పెట్టిన పోలీసులు వచ్చి పెట్టె స్వాధీనం చేసుకునేదాకా కదలలేదు. అతిథులు ఇడ్లీలు తిని వెళ్లిపోయారు. ఆ ఏడాది మా క్లబ్బు నుంచి ఎవరూ పోటీకి వెళ్లలేదు. అన్న మాట ప్రకారం అధ్యక్షుడు మర్నాడే అత్తను తీసేశాడు. పొరపాటైందని ఆయన ఏనాడూ అనలేదు, అనిపించుకోవాలని ఆవిడా చూడలేదు. తీసేసిన మర్నాడు వెళ్లి, తన టీ గ్లాసు తెచ్చుకుని, కొత్తగా వచ్చినాయనకు గొట్టాలు ఎలా చూడాలో చెప్పి మరీ వచ్చింది. బదిలీ మీద నేను వరంగల్ వెళ్లాను, పోటీల వయసూ దాటింది. బాధపడ్డావా బిడ్డా అని ఒకసారి అడిగింది. పడ్డానన్నాను. "పడాలె మరి. గట్లనే ఉంటది" అని నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.

ఇప్పుడా గోదాములో పార్సిళ్లు పెడుతున్నారు. ఆ ఏడాది రాష్ట్రంలో పతకాలు ఎవరికి వచ్చాయో నాకు గుర్తు లేదు, ఎవరికీ గుర్తుండదు కూడా. గెలిచిన రోజులను కాలం ఎంత తొందరగా పాతిపెడుతుందో, మొండికేసి కూర్చున్న ఒక్క మధ్యాహ్నాన్ని మాత్రం అంత భద్రంగా దాచిపెడుతుంది.