గుడ్లవల్లేరు దాటాక పగిలిన అద్దం

మావయ్యగారికి గుడివాడలో శుక్లం ఆపరేషన్ అయిన మర్నాడు, కట్టు విప్పించుకుని పెడన తిరిగి వస్తున్నాం. మావారు బందరులో డ్యూటీకి వెళ్లారు కాబట్టి కారు నేనే నడుపుతున్నాను. వెనక సీట్లో తల తిరుగుతుందని మావయ్యగారు ముందు, నా పక్కనే కూర్చున్నారు. డాక్టరుగారు ఇచ్చిన నల్లకళ్లద్దాలు పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి కలంకారీ అచ్చులు అద్దిన మనిషి. ఒక కంటికి చూపు ఎప్పుడో పోయింది. ఆపరేషన్ అయింది ఆ మిగిలిన కంటికే.

గుడ్లవల్లేరు దాటాక రోడ్డు కాలువ పక్కనే సాగుతుంది. మా ముందు కంకర టిప్పరు వెళ్తోంది, పైన పట్టా కప్పలేదు. గతుకు వచ్చినప్పుడల్లా ఒకటో రెండో రాళ్లు కింద పడుతున్నాయి. నేను బాగా వెనక్కి తగ్గాను. వెనక వస్తున్న బస్సుకి అది నచ్చలేదు. హారన్ కొట్టి కొట్టి, నన్ను దాటి నాకూ టిప్పరుకీ మధ్య దూరింది. కింద పడ్డ రాయి బస్సు టైరు తగిలి లేచిందో ఏమో, టపాకాయ పేలినట్టు ఒక్క చప్పుడు.

మావయ్యగారి ముందు అద్దం అరచేతి మేర తెల్లబడింది. చూస్తుండగానే అందులోంచి గీతలు నా వైపు పాకాయి. బ్రేకు గట్టిగా తొక్కెయ్యాలనిపించింది. కానీ ఎడమ పక్క కాలువ, వెనక ఏం వస్తోందో తెలియదు. గీతల సందుల్లోంచి దారి చూసుకుంటూ మెల్లగా వేగం తగ్గించి, గట్టు వెడల్పుగా ఉన్నచోట ఆపాను.

పక్కకి తిరిగితే మావయ్యగారి చెయ్యి కళ్లద్దాల కిందకి వెళ్తోంది.

"మావయ్యగారూ, చెయ్యి పెట్టకండి. కన్ను మూసుకుని అలాగే ఉండండి," అని మణికట్టు పట్టుకున్నాను.

"ఏదో పడ్డట్టుందమ్మా," అన్నారు.

ఆయన పంచె మీద గాజుపొడి పంచదార చల్లినట్టు మెరుస్తోంది. అద్దం ఊడి మీద పడలేదు. రెండు గాజు పలకల మధ్య ఉండే పొర దాన్ని పట్టి ఉంచింది. కానీ లోపలివైపు పలక చిట్లి పొడి రాలింది. అందులో నలుసంత కంట్లోకి వెళ్లినా చాలు.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. నీళ్లు కొట్టొద్దు, నలపనివ్వొద్దు, వెంటనే తీసుకురమ్మన్నారు. మావారికి చేస్తే తను బయల్దేరతానన్నారు గానీ, బందరు నుంచి వచ్చేదాకా ఆగే ధైర్యం నాకు లేదు. ఆ గీతల్లోంచి చూస్తూ మళ్లీ గుడివాడ దాకా నడపలేను. బండి మీద వెళ్తున్న ఒకాయన ఆగి, అద్దాన్ని లోపలినుంచి తన్ని తోసేసి వెళ్లిపోవచ్చు కదా అన్నాడు.

"గాలి, ఆ ముక్కలూ అన్నీ ఆయన కంట్లోకే కొడతాయండీ. వద్దు," అన్నాను.

ఆ బండి మనిషే రోడ్డు మధ్యకి వెళ్లి, వస్తున్న ఆటోని ఆపాడు. ఇద్దరం కలిసి మావయ్యగారిని ముందుకి వంచి, పంచె దులిపి, చెయ్యి పట్టుకుని దింపాం. రాత్రి పడుకునేటప్పుడు కంటికి పెట్టమని ఇచ్చిన ప్లాస్టిక్ మూత నా సంచిలో ఉంది. కళ్లద్దాలు తీసి, దాన్ని టేపుతో అంటించాను.

ఆటోలో గాలి రాకుండా ఆయన తువ్వాలు అడ్డం పట్టుకుని కూర్చున్నాను. గుడివాడ వస్తుందనగా మావయ్యగారు అన్నారు: "చూపు పోతే డాక్టరుగారిని నాకే చెప్పమను. మీకు చెప్పి నా దగ్గర దాచొద్దు."

"అలాగే మావయ్యగారూ," అన్నాను.

ఆసుపత్రిలో నన్ను బయటే ఉండమన్నారు. లోపల మాటలేవీ వినపడలేదు, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తూ నిలబడ్డాను. చివరికి డాక్టరుగారే వచ్చారు. కింది రెప్ప అంచున గాజు నలుసు దొరికిందట, తీసేశారట. ఆపరేషన్ కుట్టు దాకా వెళ్లలేదు. నలిపి ఉంటే వేరే మాట చెప్పాల్సి వచ్చేదన్నారు. మళ్లీ ఒకసారి చూడాలి, ఎల్లుండి పొద్దున్నే తీసుకురమ్మన్నారు.

కారుని లారీ మీద ఎక్కించి బందరు షెడ్డుకి చేర్చారు. మర్నాడు సాయంత్రానికి పాత జిగురు కోసి తీసి, కొత్త అద్దం అంటించారు. జిగురు పూర్తిగా ఆరాలి, రేపు సాయంత్రం దాకా బండి కదపొద్దన్నాడు మెకానిక్. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు ఆ అద్దాన్నే ఆనుకుని నిలబడుతుందట. జిగురు పచ్చిగా ఉంటే అద్దమే ఊడి ముందుకి పోతుందట. మావారు వినలేదు. పొద్దున్నే నాన్నని చూపించాలి, నెమ్మదిగా వెళ్తే ఏం కాదు, తాళాలు ఇమ్మన్నారు.

"ఆయన్ని మళ్లీ ఆ సీట్లో కూర్చోబెడతారా? నేను చూశాను ఆ పొడి. మీరు చూళ్లేదు," అన్నాను. "రేపు బస్సులో తీసుకెళ్తాను."

షెడ్డులో అందరూ మా వైపు చూస్తున్నారు. మావారి మొహం ఎర్రబడింది. కారు షెడ్డులోనే వదిలి ఇంటికొచ్చాం. తెల్లారేసరికి మాత్రం ఆయన సెలవు పెట్టి మాతో పాటు బస్సెక్కారు. కన్ను బాగుందని, చుక్కల మందు మానొద్దని డాక్టరుగారు చెప్పారు.

సాయంత్రం షెడ్డుకి వెళ్లాం. నీళ్లు దిగుతాయేమో చూడటానికి నన్ను లోపల కూర్చోమని, మెకానిక్ అద్దం మీదకి పైపుతో నీళ్లు వదిలాడు. అంచు వెంబడి వేళ్లతో తడిమాను. ఎక్కడా చెమ్మ లేదు. అప్పుడు, అంత నీటి మోత మధ్య, నా చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఆపుకుందామన్నా ఆగలేదు. మావారు తలుపు తీసి చూసి, తన చెయ్యి చాచారు. తాళాలు ఆయన చేతికిచ్చి పక్క సీట్లోకి జరిగాను. పెడన దాకా ఆయన చాలా నెమ్మదిగా నడిపారు.