జలుబు మాత్ర ఇవ్వని మెడికల్ షాపాయన

పుంగనూరు బస్టాండు దగ్గర మెడికల్ షాపు నడిపిన పెద్దాయన పోయారు. కుప్పంలో కాలేజీ క్యాంటీన్లో ఉండగా ఫోనొచ్చింది. చేతిలోని బజ్జీ సగంలోనే వదిలేశాను. నా జీవితంలో బజ్జీకి అటువంటి అవమానం అదే మొదటిసారి.

ఆయన వ్యాపారే. అయినా నాకు ఎన్నడూ అమ్మని సరుకు ఒకటుంది: నిద్రమత్తు తెచ్చే పసుపు జలుబు మాత్ర.

నాకు మూర్ఛ ఉంది. ఇంటర్లో మొదటిసారి ఆయన షాపు ముందే పడ్డాను. మా వైపు ఫిట్స్ వచ్చినవాడి చేతిలో ఇనుప తాళాలు పెడతారు. ఆరోజు బైకువి, బీరువావి, చివరికి ఒక ఆటోది కూడా నా గుప్పిట్లో చేరాయట. ఆయన కౌంటరు దిగొచ్చి, నన్ను ఒత్తిగిల్లబెట్టి, తాళాలన్నీ తీసేశారట.

"ఎవురివి వాళ్లు తీసుకోండప్పా. వీడేమన్నా బీరువానా?"

మదనపల్లె డాక్టరు రాసిన ఫిట్స్ మాత్రలు నెలనెలా ఆయన దగ్గరే కొనేవాణ్ణి. ఎక్స్‌పైరీ తేదీ నా ముక్కలోనే ఉండేలా షీటు కత్తిరించి ఇచ్చేవారు. నమస్కారం పెడితే, "రేత్రి మాత్ర ఏసుకుంటివా?" అనేవారు.

డిగ్రీలో ఒకసారి జలుబు చేసింది. పసుపు మాత్ర అడిగితే ఇవ్వలేదు. తుమ్ములు తెప్పించే హిస్టమిన్‌ను ఆపితే తప్పేమిటని, పుస్తకం చదివినవాణ్ణి కాబట్టి వాదించాను.

"ముక్కులో అది తుంటరిదే నాయనా. మెదడులో కాపలా కాస్తాండాది. ఫిట్సును అణిచిపెట్టేదాంట్లో దానికీ ఒక చెయ్యి ఉండాది. ఈ మాత్ర ఆ కాపలావాణ్ణి పండబెడ్తాది. అందురికీ ఏమీ కాదు, నీకు యాల?"

భక్తిగా తలూపి, మదనపల్లె వెళ్లి, నా జబ్బు సంగతి చెప్పకుండా వేరే చోట కొనుక్కున్నాను. తుమ్ములు ఆగలేదని అక్కడే గంటకొకటి మింగాను. మూడో మాత్ర తర్వాత, తిరుగు బస్సులో ఫిట్స్ వచ్చి పడ్డాను. ముందు పన్ను విరిగింది.

మర్నాడు నా నోరు చూసి ఆయన తిట్టలేదు. ఎవరైనా అడిగితే జబ్బు సంగతి దాచొద్దన్నారు. తర్వాత ఒక పాస్‌పోర్టు ఫోటో తెమ్మన్నారు. నాకేదో సంబంధం చూస్తున్నారనుకుని, తల బాగా దువ్వుకున్న పాత ఫోటో ఇచ్చాను. సంబంధం మాత్రం రాలేదు.

పదకొండో రోజు దాటాక షాపు తెరిచారు. కౌంటర్లో వాళ్లమ్మాయి. నేనెవరో ఆమెకు తెలీదు. నా ముక్కు కారుతోంది, జలుబో ఇంకొకటో. ఆ 'నీకు యాల?' ఇంకొక్కసారి వినాలనిపించిందేమో, పసుపు మాత్ర అడిగాను.

ఆమె డబ్బా అందుకుని, మూత వైపు చూసింది. నా వైపు చూసింది. డబ్బాను వెనక్కి పెట్టేసింది.

మూత మీద నా ఫోటో అతికించి ఉంది. తల దువ్వుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ ఉన్నాను.