జానెడు తక్కువైన బల్ల

ఆ వడ్రంగి సర్కారు ఆఫీసులో చేరిన ఏడాదే మీటింగు హాలుకు ఇరవై మంది కూర్చునే బల్ల చేశాడు. ఒక్క మేకు కొట్టకుండా, చెక్కలో చెక్క దూర్చి బిగించాడు. ఇప్పటికీ ఎవరూ లేనప్పుడు భుజం మీది తువ్వాలుతో దాన్ని తుడిచి, కాసేపు తడుముతూ నిలబడతాడు. కన్నబిడ్డ కన్నా ముద్దు అంటే ఇంట్లో ఊరుకోరు గాని, నిజం అదే.

ఆ బల్లకో గుట్టుంది. చివరికొచ్చేసరికి చెక్క చాలలేదు. కొత్త ఉద్యోగం, ఇంకో చెక్క అడిగితే ఏమంటారోనని భయం. అందుకని ఒక కొసను జానెడు సన్నం చేసేశాడు. పెద్దాఫీసరు అడిగితే, "ఇప్పుడిదే ఫ్యాషనండీ," అన్నాడు.

మొదటి మీటింగుకు దేశంలోని పడమటి ప్రాంతపు ఆఫీసర్లు ముందొచ్చి వెడల్పు వైపు, ఫ్యాను కింద సర్దుకున్నారు. వెనక వచ్చిన తూర్పు ఆఫీసర్లకు సన్నటి కొస మిగిలింది. ముప్పై ఏళ్ళుగా అదే వరస. ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి మోకాళ్ళు ఒకరికి కొట్టుకునేవి. నదీజలాలు, ఉద్యోగాలు, రోడ్లు అంటూ సాగే తూర్పువాళ్ళ ఫిర్యాదుల చిట్టాలో బల్ల పదకొండో అన్యాయంగా చేరింది.

వడ్రంగిది పడమర. పెళ్ళాం తూర్పు మనిషి. పైగా తూర్పు సంఘంలో నినాదాలిచ్చే గొంతు ఆమెదే. "చూశారా మీవాళ్ళ కుట్ర! ఆఖరికి బల్ల కూడా మా వైపే సన్నం!" అని భోజనం దగ్గర ఆమె ఎత్తుకున్నప్పుడల్లా మొగుడు తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని అన్నం కలుపుకునేవాడు.

పోయినేడు దేశం రెండు ముక్కలవుతుందన్న మాట పుట్టింది. అవుతుందో లేదో ఎవరికీ తెలియదు. అయినా ఆలూ లేదు చూలూ లేదన్నట్టు ఆఫీసులో పంపకాలు మొదలయ్యాయి. బీరువాలు, గడియారాలు, చెత్తబుట్టలు పంచుకున్నారు. బల్ల దగ్గర తగువొచ్చింది. కోసి చెరిసగం తీసుకుందామని, వడ్రంగిని రంపం తెమ్మన్నారు.

తెచ్చాడు గాని, చెయ్యాడలేదు. కిటికీ అవతల వరండాలో పెళ్ళాం సంఘంతో నినాదాలిస్తోంది. లోపల తూర్పు ఆఫీసరు, "సన్నటి సగం మాకక్కర్లేదు. ఇది ముప్పై ఏళ్ళ కుట్ర!" అని అరుస్తున్నాడు.

వడ్రంగికి దుఃఖం ఆగలేదు. "కుట్ర కాదు బాబూ! ఆ రోజు నాకు చెక్క చాలలేదు, అంతే. నా తప్పుకి దాన్ని కొయ్యకండి," అంటూ బల్లకు అడ్డంగా చేతులు చాచేశాడు.

వరండాలో నినాదాలు టక్కున ఆగిపోయాయి. వడ్రంగి కిటికీ వైపు చూడలేదు.

పడమటి ఆఫీసరు పకపకా నవ్వాడు. "ఓస్, ఇంతేనా! దీనికా ఇన్నేళ్ళ రాద్ధాంతం?"

"ఇంతే అయితే మీరిటొచ్చి కూర్చోండి," అన్నాడు తూర్పాయన.

పంతానికి పోయి పడమటి ఆఫీసర్లంతా అటు మారారు. పావుగంట కాకముందే, "మోకాళ్ళు తీయండి," "తీసి నెత్తిన పెట్టుకోమంటారా?" అని వాళ్ళలో వాళ్ళకే పడింది. గాలి అందక ఒకాయన ఫైలుతో విసురుకున్నాడు. చివరికి నవ్వినాయనే లేచి, చెమట తుడుచుకుంటూ, "ఇన్నాళ్ళూ ఇక్కడెలా కూర్చున్నారయ్యా?" అన్నాడు.

"అదేగా మేం మొత్తుకునేది," అన్నాడు తూర్పాయన. ఈసారి అరవలేదు.

కోత వాయిదా పడింది. సీట్లు వారానికోసారి మార్చుకోవాలని తీర్మానం రాశారు. దేశం సంగతి తర్వాత చూద్దామన్నారు. వడ్రంగి రంపానికి గుడ్డ చుట్టుకుని, ప్రాణం లేచొచ్చి ఇల్లు చేరాడు.

ఇంట్లో అతని కుర్చీ రోజూ ఉండే చోట లేదు. బీరువాకీ గోడకీ మధ్య సందులో ఉంది. కంచం కూడా అక్కడే పెట్టింది పెళ్ళాం. అతను వెళ్ళి అందులో ఇరుక్కున్నాడు.

"మోకాళ్ళు తగులుతున్నాయా?" అంది.

"తగులుతున్నాయే."

"ఓ ముప్పై ఏళ్ళు అక్కడే తినండి. ఆ తర్వాత వారానికోసారి మారుద్దాం."