బుధవారం మోగిన గంట

నా చిన్నతనంలో గోదావరిఖనిలో మా బొగ్గుగని క్వార్టర్ల వెనక విదేశీ మిషనరీలు కట్టించిన రాతి చర్చి ఉండేది. కోసుగా లేచిన కమాను కిటికీలు, టేకు దూలాలు, వాకిలి మీద చిన్న గోపురంలో కంచు గంట. దాని తాడు లోపల తలుపు వెనక వేలాడేది. ఆదివారం మొదటి గంటకు జనం ఇళ్లలోంచి బయలుదేరేవాళ్లు. రెండో గంటకు అయ్యగారు ప్రార్థన పుస్తకం తెరిచేవారు, మేమంతా మోకరించేవాళ్లం.

గంట కొట్టేది మా తాతయ్య. చేతుల్లో పట్టు తగ్గాక ఆ పని పక్కింటి అక్కకు అప్పగించాడు. నాకు కాదు, సొంత మనవరాలికి కాదు! నా కడుపు మండిపోయింది. ఆమె ఓణీ సర్దుకుని తాడు లాగుతుంటే అందరూ తలలు తిప్పి చూసేవాళ్లు. నేను మోకాళ్ల మీద ఉండి దేవుణ్ణి ఒకటే అడిగేదాన్ని, ఆమె చెయ్యి బెణకాలని.

బెణకలేదు. ఒక బుధవారం మధ్యాహ్నం తాతయ్య చర్చి ఊడుస్తుంటే తలుపు వెనక దూరి తాడు పట్టుకుని వేలాడాను. అబ్బ, ఎంత బాగా మోగిందో! మళ్లీ మళ్లీ లాగాను.

ఆదివారం కాని రోజు ఆ గంట మోగితే మా వాళ్లకు ఒకటే అర్థం, బొగ్గు బాయిలో ప్రమాదం జరిగిందని. అది నాకూ తెలుసు. కుళ్లులో గుర్తు రాలేదు. క్షణాల్లో ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. పిండి చేతులతో, చెప్పులైనా లేకుండా మా అమ్మ వచ్చింది. నాన్న అప్పుడు డ్యూటీలో, భూమి లోపల ఉన్నాడు. "ఏమైంది? ఏ బాయిల?" అని అరుస్తూ నా పక్కనుంచే పోయింది, నన్ను చూడనే లేదు.

తాతయ్య నన్ను వెనక్కి నెట్టి ముందుకొచ్చాడు. "ఏం కాలే బిడ్డా, ఏం కాలే. దుమ్ము దులుపుకుంట నేనే గుంజిన. తప్పయింది." అమ్మ అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

అందరూ వెళ్లాక వీపు పగులుతుందనుకున్నాను. తాతయ్య తాడును పైకి ముడివేస్తూ, "ఆ పక్కింటి పిల్ల నాయిన బాయిల పోయిన నాడు గీ గంటనే మోగింది. గీ తాడంటే దానికి భయం. భయమున్న చెయ్యి ఊకె గుంజదు. గందుకే దానికిచ్చిన" అన్నాడు. అంతే, ఒక్క దెబ్బ కూడా వేయలేదు.

అక్క మీద నా కుళ్లు ఆ రోజే పోయిందంటే అబద్ధం. పోవడానికి ఏడాది పట్టింది. ఈ వయసులోనూ ఎవరైనా నలుగురి బాగోగులు నాకు అప్పగిస్తే ముందు నా చేతులు చూసుకుంటాను. అవి భయంతో కాస్తయినా వణక్కపోతే, ఆ పని వణికేవాళ్లకే ఇవ్వమంటాను.